కంపెనీల సామాజిక బాధ్యత: ఎండిన కుళాయికి జవాబుదారీ ఎవరు?

సంపాదకులకు,

నమస్కారం. మీ జిల్లా పేజీల్లో తరచుగా ఒకే తరహా ఫొటో కనిపిస్తుంటుంది. ఒక పాఠశాల ఆవరణ, రిబ్బను, కత్తెర పట్టుకున్న కంపెనీ అధికారి, ఆయన పక్కన స్థానిక ప్రజాప్రతినిధి, వెనుక యూనిఫాంలో నిలబెట్టిన పిల్లలు, కింద ఫలానా సంస్థ సామాజిక బాధ్యత నిధుల నుంచి ఇన్ని లక్షలు వెచ్చించిందని ఒక వాక్యం. విశాఖపట్నం వంటి పారిశ్రామిక నగరంలో అది వార్తే, వేయవలసిందే. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు వాణిజ్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి, మేడ ఎక్కితే ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించే కాలనీలో నివసిస్తున్న నాకు ఉన్న బాధ వేరు. ఫొటో తీసిన ఆ చోటికి మూడేళ్ల తర్వాత ఎవరూ తిరిగి వెళ్లడం లేదు. కంపెనీ వెళ్లదు, ప్రభుత్వం వెళ్లదు, పత్రిక కూడా వెళ్లదు. ఒక సంస్థ తన సామాజిక బాధ్యతను ఏ పద్ధతిలో నిర్వహించింది, దానివల్ల చుట్టుపక్కల బతుకుల్లో నిజంగా ఏం మారింది అన్నది తేలేది అప్పుడే. ఈ విషయాన్ని కొంత వివరంగా రాయడానికి అనుమతించండి.

ముందు నా కళ్లతో చూసినది చెబుతాను. పదవీ విరమణ తర్వాత, మాకు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పడానికి వెళ్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక పెద్ద సంస్థ అక్కడ తాగునీటికి ఆర్వో ప్లాంటు పెట్టించింది. చక్కటి షెడ్డు వేశారు, గోడలకు నీలం టైల్స్ అతికించారు, వరుసగా ఆరు కుళాయిలు బిగించారు, పక్కనే గ్రానైటు ఫలకం పెట్టారు. మొదటి ఏడాది పిల్లలు ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకోవడం మానేశారు. రెండో వేసవికి ధార సన్నబడింది. ఫిల్టర్లు మూసుకుపోయాయని, మెంబ్రేన్ మార్చాలని మెకానిక్ చెప్పాడు. ప్రధానోపాధ్యాయురాలు సంస్థకు ఉత్తరం రాస్తే, ప్లాంటును పాఠశాలకు అప్పగించేశామని, అప్పగింత పత్రం మీద పాఠశాల సంతకం కూడా ఉందని జవాబు వచ్చింది. పై కార్యాలయంలో అడిగితే, కంపెనీ పెట్టిన ప్లాంటుకు తమ బడ్జెట్‌లో పద్దు లేదన్నారు. ఉపాధ్యాయులు తలా కొంత వేసుకుని ఒకసారి బాగు చేయించారు, మళ్లీ పాడైంది. ఇప్పుడు ఆ ఆరు కుళాయిలూ తుప్పు పట్టి ఉన్నాయి. నా తరగతికి వచ్చే ఒక అమ్మాయి పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న లీటరు సీసాలో సగం నీళ్లు సాయంత్రానికని మిగుల్చుకుంటుంది. మార్చి ఎండల్లో ఆ సీసాను తడిపిన చేతిరుమాలులో చుట్టి, బెంచీ కింద నీడ పడే మూలకు జరిపి పెట్టుకోవడం చూసిన రోజే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఇందులో ఎవరి దురుద్దేశమో ఉందని నేను అనుకోవడం లేదు. లోపం పద్ధతిలో ఉంది, ఆ పద్ధతికి కొంత కారణం చట్టం రాసిన తీరులో ఉంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఏ ఏడాదికైనా దానికి ముందటి ఆర్థిక సంవత్సరంలో కనీసం 500 కోట్ల రూపాయల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని ఏడో షెడ్యూలులో పేర్కొన్న పనులకు ఖర్చు పెట్టాలి. మూడేళ్లలో 90, 120, 150 కోట్లు లాభం వచ్చిన సంస్థకు సగటు 120 కోట్లు, కట్టవలసిన బాధ్యత 2 కోట్ల 40 లక్షలు అని బోర్డు మీద వేసి చూపిస్తే విద్యార్థులకు ఇట్టే పట్టుబడేది. ఆ 2 కోట్ల 40 లక్షలతో ఎవరి జీవితంలో ఏం మారిందో లెక్క కట్టమంటే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలిసేది కాదు, చెప్పడం నాకూ సులువుగా ఉండేది కాదు. చట్టం కూడా దాదాపు అక్కడే ఆగింది. 2021 జనవరిలో అమలులోకి వచ్చిన సవరణల ప్రకారం, ఖర్చు కాకుండా మిగిలిన సొమ్ము కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు, కాకపోతే 6 నెలల్లో ప్రభుత్వం నిర్దేశించిన నిధికి జమ చేయాలి. చేయని పక్షంలో ఆ సొమ్ముకు రెట్టింపు గానీ, కోటి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది కంపెనీకి జరిమానా. అంటే డబ్బు ఖర్చు పెట్టకపోతే శిక్ష ఉంది, ఖర్చు పెట్టి కట్టినది మరుసటి ఏడాది మూలపడితే అడిగే నాథుడు లేడు. ఇలాంటి నిబంధన కింద పనిచేసే అధికారి మార్చి 31 లోపల బిల్లు చేతికొచ్చే పనినే వెతుక్కుంటాడు. టైల్స్, షెడ్డు, బెంచీలు, కంప్యూటర్లు, స్కూలు బ్యాగులు అలాంటి పనులు. ఒక మెకానిక్‌కు నాలుగేళ్ల జీతం అలాంటి పని కాదు.

అవే నిబంధనల్లో మరొక అంశం ఉంది. ఈ నిధులతో ఏర్పాటు చేసిన ఆస్తి కంపెనీ చేతిలో ఉండకూడదు, అది ప్రభుత్వ సంస్థకో, నమోదైన ట్రస్టుకో, లబ్ధిదారుల సంఘానికో చెందాలి. సేవ పేరుతో కంపెనీలు ఆస్తులు కూడబెట్టుకోకూడదన్న ఉద్దేశం మంచిదే. అయితే ఆస్తి చేతులు మారిన రోజే బాధ్యత కూడా చేతులు దులుపుకుంటోంది. నిజానికి అలా జరగవలసిన అవసరం లేదు. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు ఒక పనిని కొనసాగే ప్రాజెక్టుగా నడపడానికి చట్టమే వీలు కల్పించింది. ఆర్వో ప్లాంటు పెట్టే ఒప్పందంలోనే ఆ కాలానికి ఫిల్టర్లు, మెంబ్రేన్, మరమ్మతులు, కరెంటు బిల్లు, తర్వాత ఎవరు చూసుకోవాలన్న మాట రాసుకుంటే మా పాఠశాలలో ఈ పరిస్థితి వచ్చేది కాదు. ఆ ఒక్క పేజీ ఎందుకు రాయలేదంటే, ప్లాంటు పెట్టడమే పని అనుకున్నారు కనుక. పిల్లలు నీళ్లు తాగడం పని అనుకుని ఉంటే ఆ పేజీ ముందే రాసేవారు.

వ్యాపార సంస్థల సామాజిక పనితీరు గురించి ఆలోచించినవారు ఈ తేడాను ఏనాడో గుర్తించారు. 1979లో అమెరికా ఆచార్యుడు ఆర్చీ కారోల్, సంస్థకు ఆర్థిక, చట్టపరమైన, నైతిక, స్వచ్ఛంద బాధ్యతలు ఉంటాయని చెబుతూ, సమస్య ఎదురైనప్పుడు సంస్థ స్పందించే తీరు కూడా పనితీరులో భాగమేనన్నారు. ఎదురు తిరగడం, తప్పించుకోజూడడం, ఒత్తిడి వస్తే సర్దుకోవడం, ముందే మేలుకోవడం అని ఆ తీరును నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు. 1991లో డోనా వుడ్ మరో అడుగు ముందుకు వేసి, ఏ సూత్రంతో చేశారు, ఏ ప్రక్రియ ద్వారా చేశారు, ఫలితం ఏమిటి అన్న మూడింటినీ కలిపి చూస్తే తప్ప సామాజిక పనితీరు తెలియదన్నారు. మన ప్రాంతంలోని సంస్థల నివేదికలు చదివితే మొదటిది పుష్కలంగా కనిపిస్తుంది, గాంధీజీ ధర్మకర్తృత్వ భావన దగ్గర నుంచి సుస్థిర అభివృద్ధి దాకా అన్నీ ఉంటాయి. రెండో దానికి ఒక పేరా ఉంటుంది. మూడోది అడిగితే ఖర్చు పట్టిక చూపిస్తారు. ఖర్చు పట్టిక ఫలితం కాదని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు.

ప్రక్రియ మారితే ఫలితం ఎంత మారుతుందో చెప్పడానికి సముద్రపు ఒడ్డున ఉన్న ఒక జాలరి గ్రామాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. మా కళాశాల విద్యార్థులతో క్షేత్ర పర్యటనకు అక్కడికి చాలాసార్లు వెళ్లాను. మొదట ఒక సంస్థ ఆ ఊరి మహిళలకు కుట్టుమిషన్లు పంచింది, మూడు నెలల శిక్షణ కూడా ఇచ్చింది. ఏడాది తర్వాత మేము వెళ్లేసరికి ఒక ఇంట్లో మిషన్ మీద మడతపెట్టిన వల ఉంది, ఇంకో ఇంట్లో టీవీ ఉంది. ఆ ఇంటావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, "మిషను మంచిదే మేడంగారూ, కాదన్ను. మా మగోళ్లు తెల్లారుగట్ల వేట నుంచి వస్తే చేపలు ఏరాల, అమ్మాల, మిగిలినవి ఎండేయాల. కుట్టడానికి కూకుంటే ఆ చేపలు ఎవులు చూస్తారు?" అంది. ఆమె నెత్తిన గంప పెట్టుకుని రోజూ ఎన్ని వీధులు తిరుగుతుందో, ఐసు దొరక్క మధ్యాహ్నానికి సరుకు ఎంతకు దిగిపోతుందో, ఇసుకలో ఎండబెట్టిన చేపకూ గచ్చు మీద ఎండబెట్టిన చేపకూ ధరలో ఎంత తేడా ఉంటుందో, మిషన్లు ఇచ్చిన సంస్థ నుంచి వచ్చినవారెవరూ ఆమెను అడగలేదు.

తర్వాత మరో సంస్థ వచ్చింది. పెద్ద లాభాలున్నదేమీ కాదు. దాని తరఫున వచ్చిన యువతి ఆ ఊళ్లో మూడుసార్లు కూర్చుంది, రెండుసార్లు తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళకే వచ్చింది. ఆ మాటల్లోంచి తేలినవి రెండే కోరికలు. చేపలు ఎండబెట్టడానికి ఇసుక ఎగిరిపడని ఎత్తైన పందిరి తడికలు ఒకటి, ఐసు నిలవ ఉండే పెట్టెలు రెండోది. వాటికి అయిన ఖర్చు కుట్టుమిషన్ల కన్నా ఎక్కువ కాదని విన్నాను. వాడుకున్న రోజుకు ఇంత అని మహిళా సంఘం తమలో తాము రుసుము పెట్టుకుంది, పెద్ద మరమ్మతులు మూడేళ్లు సంస్థే భరించింది. అంతా సాఫీగా సాగిందని చెప్పను. వంతుల దగ్గర గొడవలు వచ్చాయి, ఒక తుపాను తడికలను ఎత్తుకుపోయింది, రెండు కుటుంబాలు సంఘం నుంచి తప్పుకున్నాయి. అయినా సంస్థ మూడేళ్లు పూర్తయి వెళ్లిపోయాక కూడా ఆ తడికల మీద చేపలు ఎండుతున్నాయి. తుపాను తర్వాత వెదురు కొని మళ్లీ కట్టుకున్నది వాళ్లే. ఏం కావాలో అడిగిన పద్ధతి, ఇచ్చినది ఎవరిదన్న సంగతి, నిలబెట్టే ఖర్చు ఎవరు భరిస్తారన్న మాట, ఈ మూడూ మొదటి రోజే తేల్చుకున్నందువల్ల వచ్చిన ఫలితం అది.

ఇక నేను ఎక్కువగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. మా వీధిలో వేసవిలో గుమ్మడి వడియాలు పెట్టడం ఒక కష్టం. మేడ మీద తెల్లటి పాత పంచె పరిచి వడియాలు పెడితే, సాయంత్రానికి ఆ పంచె మీద వేలితో గీత గీయవచ్చు. గీసిన చోట పంచె తెల్లగా, మిగతా అంతా బూడిద నలుపుగా కనిపిస్తుంది. వడియాల మీద ఇంకొక పలచటి చీర కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఎండబెట్టడం మా ఇళ్లలో అందరికీ అలవాటైపోయింది. అలాగే చిన్నపిల్లల దగ్గు కూడా అలవాటైపోయింది. కొంతకాలం కిందట, ఆ దుమ్ములో భాగం ఉన్న ఒక సంస్థ మా కాలనీలో ఉచిత వైద్య శిబిరం పెట్టింది. డాక్టర్లు ఓపికగా చూశారు, మందులు ఇచ్చారు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లకు ఇన్‌హేలర్లు కూడా ఇచ్చారు. వాళ్లకు మేము కృతజ్ఞులమే. కానీ ఆ సాయంత్రం కూడా టార్పాలిన్ కప్పని లారీలు మా రోడ్డు మీదుగానే వెళ్లాయి.

ఈ సంస్థ సామాజిక పనితీరును ఎలా లెక్క కట్టాలి? శిబిరంలో ఎంతమందిని చూశారన్న సంఖ్యతోనా, మా మేడ మీది పంచెతోనా? చట్టం లెక్కలో మొదటిది మాత్రమే కనిపిస్తుంది. మామూలు వ్యాపార నిర్వహణలో భాగంగా చేసే పనులను, వేరే చట్టాల కింద ఎలాగూ చేయవలసిన పనులను సామాజిక బాధ్యత ఖర్చుగా చూపకూడదని నిబంధన ఉంది. ఆ నిబంధన సరైనదేనని నా అభిప్రాయం, లేకపోతే పొగగొట్టానికి పెట్టిన వడపోత యంత్రాన్ని కూడా దానంగా చూపిస్తారు. అయితే దాని పర్యవసానం ఒకటుంది. లారీ మీద టార్పాలిన్ కప్పినందుకు, రవాణా బెల్టుకు మూత వేసినందుకు, ఖనిజం గుట్టల మీద క్రమం తప్పకుండా నీళ్లు చల్లినందుకు సామాజిక బాధ్యత నివేదికలో ఒక్క వాక్యం చేరదు, ఫొటో పడదు, అవార్డు రాదు. శిబిరానికి అన్నీ వస్తాయి. సామాజిక బాధ్యత విభాగం ప్రచార విభాగం పక్క గదిలో ఉండి, ఉత్పత్తి విభాగానికి దానితో మాట్లాడే పనే లేనప్పుడు, ఒక చేత్తో దుమ్ము, ఇంకొక చేత్తో దగ్గు మందు ఇవ్వడం సహజంగానే జరిగిపోతుంది. ఎవరూ అలా నిర్ణయించనక్కర్లేదు. సామాజిక బాధ్యతను చూసే అధికారికి ప్లాంటు లోపలి నిర్ణయాల్లో మాట చెల్లే సంస్థల్లోనే పరిస్థితి మారుతుంది. ఫిర్యాదుల పుస్తకం గేటు దగ్గర కాకుండా ప్లాంటు మేనేజరు బల్ల మీద ఉండాలి.

విశాఖలో ఈ మాటకు మిగతా ఊళ్లలో లేని బరువు ఉంది. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాసు లీకై జరిగిన పేలుళ్లలో సుమారు 60 మంది చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి వెలువడిన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి నిద్రపోతున్న ఇళ్లను కమ్ముకుని 12 మంది ప్రాణాలు పోయాయి. సైరన్ మోగలేదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారున పాకుతుంది. అలాంటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి అడ్డంగా బయటపడాలన్న సంగతి తెలియక, ఆ చీకట్లో ఎటు దారి కనిపిస్తే అటు పరిగెత్తినవారు ఉన్నారు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41బి సెక్షన్‌ను చేర్చారు. ప్రమాదకరమైన ప్రక్రియలు నడిపే ఫ్యాక్టరీ, వాటివల్ల కలిగే ప్రమాదాలను, జాగ్రత్తలను కార్మికులకే కాక చుట్టుపక్కల నివసించే ప్రజలకు కూడా తెలియజేయాలని, 2025లో కొత్త కార్మిక కోడ్ ఆ చట్టం స్థానంలోకి వచ్చేవరకు, అది చెప్పింది. ఆ సెక్షన్ వచ్చి ఇన్నేళ్లయినా, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో కచ్చితంగా చెప్పగలిగినవారు మా వీధిలో నాకు ఒక్కరూ కనిపించలేదు. గాలి దిశను చూపే సంచి మా ఇళ్ల నుంచి ఎక్కడ కనిపిస్తుందో ఎవరికీ తెలియదు. అదే వీధిలో కంపెనీలు ఇచ్చిన చెత్తబుట్టలు, గోడ గడియారాలు, పేరు రాసిన సిమెంటు బల్లలు ఉన్నాయి.

అందువల్ల నా వాదన ఇది. పరిశ్రమ తన వల్ల కలిగే హానిని ముందు తగ్గించుకోవడం, ఆ హాని గురించి చుట్టుపక్కలవారికి వాళ్ల భాషలో చెప్పడం, ఆ తర్వాతే బయటి పనులకు నిధులు ఇవ్వడం, ఈ వరుసలో నడిచే సంస్థ సామాజిక పనితీరు, తిరగేసి నడిచే సంస్థకన్నా మెరుగ్గా ఉంటుంది. రెండో రకం సంస్థ ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టినా సరే. వరుస తప్పితే ప్రజల నమ్మకం పోతుంది, నమ్మకం పోయాక మంచి పనికి కూడా ఊరు చేయి కలపదు. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో బల్లలు విరగడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ కోపం ఆ రోజు పుట్టినది కాదు.

లాభం మీద లెక్క కట్టే పద్ధతికి మరో చిక్కు ఉంది, దాన్ని క్లుప్తంగా చెబుతాను. సంస్థ నష్టాల్లోకి వెళ్తే మూడేళ్ల సగటు పడిపోతుంది, ఒక్కోసారి బాధ్యత సున్నా అవుతుంది. దుమ్ము మాత్రం సున్నా కాదు. స్కూలు బస్సుకు సంస్థ ఇచ్చే డబ్బు ఆగిపోయిన ఏడాదే ఆ పిల్లల కుటుంబాల్లో కాంట్రాక్టు పనులు కూడా ఆగిపోయి ఉంటాయి, ఎందుకంటే రెండింటికీ కారణం ఒకటే. పాతతరం ప్రభుత్వరంగ కర్మాగారాల్లో పద్ధతి వేరుగా ఉండేది. ఉక్కునగరంలో బడులు, ఆసుపత్రి, రోడ్ల వెంట చెట్లు ప్లాంటు ప్రణాళికతో పాటే వచ్చాయి, అప్పటికి 2 శాతం అన్న మాటే లేదు. ఆ పద్ధతిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. గోడ లోపల అంత శ్రద్ధ చూపిన కాలంలోనే, ఆ ప్లాంటు కోసం ఊళ్లు వదులుకున్న ఆర్ (పునరావాస) కార్డుదారుల ఉద్యోగాల సమస్య గోడ బయట దశాబ్దాలుగా నలుగుతూ వచ్చింది. అయితే సంక్షేమాన్ని సంస్థ నిర్వహణ ఖర్చులోనే ఒక భాగంగా చూడడం వల్ల వచ్చే నిలకడ ఎలా ఉంటుందో అది చూపించింది.

కంపెనీల వైపు నుంచి వినిపించే మాటలను కూడా నేను తోసిపుచ్చను. నా పాత విద్యార్థులు కొందరు ఈ విభాగాల్లోనే ఉద్యోగం చేస్తున్నారు. "మేడం, మేము ఊరిని అడిగి ప్రణాళిక వేసుకునేలోపే నాలుగు సిఫారసు ఉత్తరాలు వస్తాయి. ఒకటి సామాజిక భవనానికి, ఒకటి క్రీడా పోటీలకు, ఒకటి విగ్రహం చుట్టూ రెయిలింగుకు" అని ఒక అబ్బాయి నాతో అన్నాడు. అది నిజమే. నిధులను తమ పలుకుబడికి కొలతగా భావించే స్థానిక పెద్దలు, సంఘాల నాయకులు ఈ పరిస్థితికి కంపెనీలంత కారణమే. ఒక్కసారి జరిపి మరిచిపోయే కార్యక్రమాలు, స్పాన్సర్‌షిప్పులు ఈ లెక్కలోకి రావని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2014లోనే స్పష్టం చేసింది గనుక, అలాంటి ఉత్తరం వచ్చినప్పుడు చూపించడానికి అధికారి చేతిలో ఒక ఆధారమైతే ఉంది. వ్యాపారం పని లాభం సంపాదించి పన్ను కట్టడమే, మిగతాది ప్రభుత్వం చూసుకోవాలి అనేవారు కూడా ఉన్నారు. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ దాదాపు ఆ మాటే అన్నారు. ఆ వాదం నిలబడాలంటే ప్రతి కంపెనీ తన దుమ్ముకు, తన నీటికి, తన ప్రమాదానికి అయ్యే పూర్తి ఖర్చును తానే భరిస్తూ ఉండాలి. మా వీధిలో ఆ ఖర్చును పిల్లల ఊపిరితిత్తులు భరిస్తున్నాయి.

చేయవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిలో ఏదీ అసాధ్యం కాదు. ప్రభావ మదింపు జరిపించి నివేదిక ఇవ్వాలన్న నిబంధన, సగటున ఏటా 10 కోట్లు లేదా అంతకు మించి సామాజిక బాధ్యత ఉన్న సంస్థలకు, అదీ కోటి రూపాయలు, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టులకు మాత్రమే వర్తిస్తుంది. కొన్ని లక్షలతో పెట్టిన ఆర్వో ప్లాంటు ఆ వలలో ఎన్నటికీ పడదు. కాబట్టి చిన్న పనులకు బయటి సంస్థ నివేదికలు అక్కర్లేదు, ఆ పని ఉన్న వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో ఒక పట్టిక ఉంటే చాలు. ఏ సంస్థ, ఏ పని, ఎంత ఖర్చు, ఎప్పటి వరకు నిర్వహణ ఎవరిది, ఇప్పుడు పనిచేస్తోందా లేదా అన్న అయిదు గడులు. ప్రతి ఆరు నెలలకు చివరి గడిని పాఠశాల తల్లిదండ్రుల కమిటీయో, మహిళా సంఘమో నింపాలి, కంపెనీ నింపకూడదు. పెద్ద ప్రాజెక్టుల మదింపు నివేదికలు సంస్థల వెబ్‌సైట్లలో ఆంగ్లంలో ఉంటున్నాయి. ఎవరి గురించి రాశారో వాళ్లు చదవగలిగేలా నాలుగు పేజీల తెలుగు సారాంశం ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. షేర్ మార్కెట్‌లో నమోదైన మొదటి 1,000 పెద్ద కంపెనీలు బాధ్యత, సుస్థిరతలపై సవివరమైన నివేదిక ఇవ్వాలని ఆ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది, మంచిదే. కానీ ప్రమాదకరమైన రసాయనాలు నిల్వ చేసే మధ్యతరహా యూనిట్లు చాలావరకు ఆ జాబితాలోకి రావు. పారిశ్రామికవాడలున్న పరవాడ, అచ్యుతాపురం వైపు ఒకసారి వెళ్లి వస్తే ఆ సంగతి తెలుస్తుంది.

స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షన్ చెబుతోంది. అది సూచనే తప్ప నిర్బంధం కాదని మంత్రిత్వ శాఖ తర్వాత వివరణ ఇచ్చింది. నిర్బంధం చేయమని నేను అడగను, పరిశ్రమలు లేని మన్యం గ్రామాలకు కూడా ఆ డబ్బు చేరాలి. స్థానికంగా ఖర్చు పెట్టే భాగంలో మొదటి పద్దు ఏదై ఉండాలో మాత్రం చుట్టుపక్కల కాలనీలవారితో ఏటా ఒకసారి కూర్చుని తేల్చుకోవాలని, ఆ సమావేశంలో ప్లాంటు మేనేజరు స్వయంగా ఉండాలని అడుగుతున్నాను. సామాజిక బాధ్యత అధికారిని ఒక్కరినే పంపితే, దుమ్ము గురించి అడిగిన ప్రశ్నకు స్కూలు బ్యాగుల గురించిన జవాబు వస్తుంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ప్రారంభోత్సవం ఫొటో వేసినప్పుడు, దాని తేదీ మీ జిల్లా కార్యాలయంలో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. మూడేళ్లు నిండిన వారంలో మీ విలేకరిని అదే చోటికి పంపి, అదే కోణంలో మరో ఫొటో తీయించండి. రెండింటినీ పక్కపక్కన వేయండి. పని బాగా నడుస్తుంటే ఆ సంస్థకు దక్కవలసిన గౌరవం అప్పుడు దక్కుతుంది, నేను చెప్పిన ఆ మత్స్యకార మహిళల తడికలు అలాంటి ఫొటోకు తగినవి. మా పాఠశాలకు వచ్చేటట్లయితే సాయంత్రం అయిదు గంటల తర్వాత రమ్మనండి, నేను అక్కడే ఉంటాను. వచ్చేవారు తాగడానికి నీళ్లు తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు,
మల్కాపురం, విశాఖపట్నం.